మరణ స్థలం

ఆటో గుంటూరు బైపాస్ ఎక్కేసరికి యేసుపాదం తల రెబ్కా భుజం మీదికి వాలిపోయింది. ఆమె అతని కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ఎంత రుద్దినా ఆ చేతికి వేడి రావడం లేదు.

"ఇంత చల్లగా ఉన్నాడేంది మేస్త్రి గారూ?"

డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్న అంకమ్మరావు వెనక్కి తిరగలేదు. "చాంబర్ లోపల్నుంచి తెచ్చాం గదమ్మా. కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడి ఒళ్ళు చల్లగా ఉండక ఏముంటది? కాసేపు ఎండ తగిలితే అదే తగ్గుద్ది. నువ్వు రుద్దుతా ఉండు."

ఆమె నమ్మింది. మే నెల ఎండ ఆటో పక్కలనుంచి వచ్చి కాళ్ళ మీద పడుతోంది. యేసుపాదాన్ని రెండోవైపు నుంచి పట్టుకుని కూర్చున్న యలమందయ్య రోడ్డు వైపు మొహం తిప్పుకుని ఉన్నాడు. ఇద్దరూ పదిహేనేళ్ళుగా ఒకే నెట్టు మీద టిక్కీలు మోసిన హమాలీలు. మామూలుగా అయితే యలమందయ్య నోరు ఊరుకోదు. ఇవాళ ఒక్క మాట లేదు.

పొద్దున ముగ్గురూ కలిసే పనికొచ్చారు. మగవాళ్ళు మిర్చి బస్తాలు, అంటే ఆ టిక్కీలు, వీపున వేసుకుని లోపల చాంబర్లలో ఒకదాని మీద ఒకటి పేర్చి నెట్లు కట్టడానికి వెళ్ళారు. రెబ్కా బయట రేకుల షెడ్డులో ఆడవాళ్ళతోపాటు మిరపకాయల తొడిమలు తీయడానికి కూర్చుంది. పొద్దస్తమానం తీస్తే మూడొందలు వస్తాయి. కాయల ఘాటుకి వేళ్ళు మండుతుంటే సాయంత్రం ఇంటికెళ్ళి మజ్జిగలో ముంచుకోవాలి. మధ్యాహ్నం అన్నాల వేళకి సూపర్‌వైజర్ లక్ష్మీకాంత్ షెడ్డు దగ్గరికి వచ్చి, "మీ ఆయనకి కళ్ళు తిరిగినయ్, ఇంటికి తీసుకుపో" అన్నాడు. ఆమె పరుగెత్తి వెళ్ళేసరికే యేసుపాదాన్ని ఆటోలో కూర్చోబెట్టి ఉన్నారు.

పెద్దాసుపత్రికి పోయే మలుపు వెనకబడిపోయింది.

"ఆసుపత్రి అటు గదా?"

"ఆ జనంలో మన వంతు ఎప్పుడొస్తది? చీటీ రాయించుకునేసరికే సాయంత్రమయిద్ది. మీ ఊరి డాక్టరుకి ఫోన్ చేశా. ఇంటికాడే ఉంటాడు."

ప్రత్తిపాడు వైపు తిరిగాక దారికి రెండువైపులా కాపు అయిపోయిన మిరపచేలు. ఎండిన మోళ్ళు తప్ప ఏమీ లేవు. ఊరు దగ్గరపడుతుంటే అతని చేతికి కొంచెం వేడి వచ్చినట్టు తోచింది. రెబ్కా గుండె కుదుటపడింది. లోలోపలే ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ఇంకా గట్టిగా రుద్దింది. ఆ వేడి తన చేతులదీ, ఎండదీ తప్ప అతనిది కాదని తెలుసుకోవడానికి ఆమెకి తర్వాత చాలా రోజులు పట్టింది.

ఇంటి ముందు ఆర్‌ఎంపీ డాక్టరు నిజంగానే కాచుకుని ఉన్నాడు. మంచం మీద పడుకోబెట్టిన యేసుపాదం ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, అంకమ్మరావు మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ వంగాడు.

"ఇప్పుడే పోయాడమ్మా" అన్నాడు. "గుండెపోటు. ఈ నిమిషంలోనే."

*

మర్నాడు పొద్దున్నే పూడ్చారు. పెట్టె ఓనరు గారు పంపించారు. నున్నగా పాలిష్ పట్టించిన చెక్కపెట్టె. పల్లెలో ఇప్పటిదాకా ఎవరూ అటువంటి దాంట్లో పోలేదు. భోజనాల ఖర్చుకని మేస్త్రి చేతిలో ఇరవై వేలు కూడా పంపారు. అంకమ్మరావు స్వయంగా పెట్టె ఒక కొమ్ము భుజాన మోశాడు. ఒకప్పుడు అతనూ హమాలీయే. అతని కళ్ళలో నీళ్ళు రావడం రెబ్కా చూసింది. అవి దొంగనీళ్ళని ఆమె అప్పుడూ అనుకోలేదు, తర్వాతా అనుకోలేదు.

పాస్టర్ క్రీస్తుదాసు ప్రార్థన చేస్తూ, "తన ఇంట, తన వారి మధ్య నీ కుమారుణ్ణి నీ దగ్గరికి పిలుచుకున్నావు తండ్రీ" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. యేసుపాదం తల్లి సువార్తమ్మ మాత్రం అనలేదు. ఆమె మట్టి వైపు చూస్తూ నిలబడింది. దుఃఖంలో వినిపించలేదేమో అనుకున్నారు.

వారం తిరక్కుండానే అంకమ్మరావు మళ్ళీ వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, స్తుతిని కాలేజీ సంగతులు అడిగాడు. స్తుతి రెబ్కా కూతురు. ఇంటర్ పూర్తయింది, నర్సింగులో చేరాలని ఉంది.

"డెత్ సర్టిఫికెట్ సంగతి చూద్దాం అమ్మాయ్" అన్నాడు రెబ్కాతో. "ఇప్పుడు రూలు గట్టిగా ఉంది. అంతా ఆన్‌లైనే. ఇరవై ఒక్క రోజుల్లో ఎక్కించాలి. దాటితే ఫైను, ఇంకా దాటితే పెద్దాఫీసు పర్మిషను, అఫిడవిట్టు, నానా తిప్పలు. అది లేకపోతే నీకు వితంతు పెన్షను రాదు, స్తుతికి ఫీజు రాదు. ఊరి సచివాలయంలో నేను మాట్లాడా. నువ్వొచ్చి వేలిముద్ర ఎయ్యడమే. అంతా గంటలో పని."

గంటలో పని. రెబ్కాకి ఆ మాట దగ్గర మనసు ఆగింది. యేసుపాదం పేరు రేషన్ కార్డులో తప్పు పడితే దాన్ని సరిచేయించడానికి అతను రెండేళ్ళు తిరిగాడు. పని మానుకుని వెళ్ళిన ప్రతిసారీ సర్వర్ లేదన్నారు, సంతకం లేదన్నారు, రేపు రమ్మన్నారు. బతికున్నప్పుడు అతని కోసం ఎవరూ ఇంత తొందరపడలేదు.

"ఎందుకు మేస్త్రి గారూ మీకింత శ్రమ?"

"ఓనరు గారు చెప్పారమ్మా. మనవాడు, మనమే చూసుకోవాలన్నారు. ఈ కాయితం చేతికొచ్చాక లక్షన్నర ఇస్తామన్నారు. పిల్ల చదువుకి పనికొస్తది."

సువార్తమ్మ లోపల గోడకానుకుని కూర్చుని అంతా వింటోంది.

*

నాలుగు రోజుల తర్వాత, సచివాలయంలో ఫ్యాను కింద జ్యోతిర్మయి అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. డిజిటల్ అసిస్టెంట్ ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. అంకమ్మరావు ఆధార్ కార్డులు టేబుల్ మీద వరసగా పేర్చాడు. ఆమె పేర్లు అడిగింది, అతను చెప్పాడు. వయసు అడిగింది, అతనే చెప్పాడు. రెబ్కా స్టూలు మీద కూర్చుని వింటూ ఉంది.

"మరణించిన స్థలం? ఇల్లా, ఆసుపత్రా, వేరే చోటా?"

"ఇల్లే" అన్నాడు అంకమ్మరావు.

"కారణం?"

"గుండెపోటు. డాక్టరు చూశాడు."

ఆ అమ్మాయి టకటకా కొట్టి, ఒక కాగితం ప్రింట్ తీసి రెబ్కా ముందు పెట్టింది. "ఒకసారి చూసుకోండి అమ్మా. చదవడం వచ్చుగా? ఒకసారి అప్‌లోడ్ అయితే మార్చాలంటే చాలా కష్టం."

రెబ్కాకి చదవడం వచ్చు. బడికి వెళ్ళింది తక్కువే అయినా బైబిలు చదవడం కోసం సండేస్కూల్లో అక్షరాలు దిద్దింది. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదువుకుంటూ పోయింది. పేరు సరిగ్గా ఉంది. ఈసారి ఒక్క అక్షరం తప్పు పడలేదు. మరణ స్థలం దగ్గర 'స్వగృహం' అని ఉంది. ఆమె వేలు అక్కడ నిలిచింది. చేతుల్లో ఆ చలి మళ్ళీ తెలిసింది.

"ఇంటికి వచ్చేసరికి ఆయన ఉన్నాడో లేడో నాకు తెలవదమ్మా" అంది.

జ్యోతిర్మయి తల ఎత్తింది. "అంటే?"

"పనికాడ కళ్ళు తిరిగినయ్యన్నారు. చల్లబడిపోయి ఉన్నాడు. ఆటోలో ఒక్క మాట మాట్లాడలా."

"రెబ్కా" అన్నాడు అంకమ్మరావు మెల్లగా.

ఆ అమ్మాయి అతని వైపు చూసి, మళ్ళీ రెబ్కా వైపు చూసింది. గొంతు తగ్గించింది. "ఎక్కడ చనిపోతే అక్కడే రిజిస్టర్ చెయ్యాలండి. కోల్డ్ స్టోరేజీలో అయితే మా పరిధి కాదు, అక్కడి ఆఫీసులో చెయ్యాలి. అదీ ముందు పోలీసులకి చెప్పాలి. పనిచేసే చోట చనిపోతే పోస్టుమార్టం ఉంటుంది."

"పూడ్చి వారం దాటింది" అన్నాడు అంకమ్మరావు.

"అయితే బయటికి తియ్యాల్సి రావచ్చు. తాసిల్దారు గారి ముందు." ఆ మాట అని ఆమె తనే ఇబ్బందిపడి కీబోర్డు వైపు చూసింది. "నేను చెప్తున్నానంతే. మీ ఇష్టం."

రెబ్కా కాగితం మడిచి టేబుల్ మీద పెట్టింది. "రేపొస్తానమ్మా" అని లేచింది.

బయట చెట్టు నీడలో మోటార్ సైకిల్ దగ్గర అంకమ్మరావు ఆమెని ఆపాడు. కేకలు వెయ్యలేదు. "చూడమ్మాయ్. పోలీసుల దాకా పోతే కోల్డ్ స్టోరేజీ మూతేస్తారు. అందులో నలభై కుటుంబాలు బతుకుతున్నయ్. షెడ్డులో నీ పక్కన కూర్చునే ఆడోళ్ళకి రేపు పని ఉండదు. నిన్ను వాళ్ళే తిడతారు. పోయినోడు రాడు. ఉన్నోళ్ళ సంగతి చూడు."

అతను చెప్పింది అబద్ధం కాదు.

*

బయటికి తియ్యడం అనే మాట రెబ్కా కంటే ముందే ఇంటికి చేరింది. సువార్తమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"మట్టిలో పెట్టినోణ్ణి లేపుతావంటనే?"

"నేను లేపుతానన్లేదు అత్తా."

"పోయినోళ్ళని లేపేది ఆ ప్రభువొక్కడే. తాసిల్దారూ కాదు, నువ్వూ కాదు. కోస్తారు వాణ్ణి. నా కొడుకుని కోసి, కుట్టి, మళ్ళీ ఏస్తారు గుంటలో. అది చూడ్డానికేనా నేనింకా బతికుంది?"

"నాన్న పనిలో పోయాడని ఎక్కడా లేకుండా పోతది నానమ్మా" అంది స్తుతి. "ఇంట్లో పడుకుని పోయాడని ఉంటది."

"నువ్వు నోరు ముయ్యి."

ఆ సాయంత్రం ఎవరూ పొయ్యి వెలిగించలేదు. రెబ్కాకి అత్త మీద కోపం రాలేదు. ఆమె అడిగినవన్నీ తనను తాను అడుగుతున్నవే. ఇరవై రెండేళ్ళు తన పక్కన పడుకున్న ఒళ్ళు అది. వీపు మీద టిక్కీల ఒరిపిడికి చర్మం నల్లగా కాయకట్టి ఉండేది. ఆ వీపుని రేపు ఇంకెవరో తిప్పి చూస్తారు. నిజం తెలుసుకోకుండా ఉంటే నయమేమో అనుకుంది. కాని తెలిసిన మనిషి ఒకడు నాలుగు వీధుల అవతలే ఉన్నాడు.

పొద్దున్నే యలమందయ్య కోసం వెళ్ళింది. అతను ఇంట్లో లేడు. కౌలుకు చేసిన అరెకరం చేలో మిరప మోళ్ళు పీకి పొయ్యికోసం మోపు కడుతున్నాడు. యేసుపాదం పోయిన దగ్గర్నుంచీ పనికి పోవడం లేదని భార్య చెప్పింది. రెబ్కాని చూసినా నడుం ఎత్తలేదు.

"అన్నా, నా కాడ దాచమాక. ఆటోలో ఎక్కించేసరికి ఆయన ఉన్నాడా?"

యలమందయ్య ఇంకో మోడు పీకాడు. వేళ్ళకున్న మట్టి దులిపాడు.

"నెట్టు జారింది చెల్లెమ్మా" అన్నాడు చివరికి. "పై వరస వంకరగా ఉంది, దింపి మళ్ళీ కడదామని పొద్దున్నే అన్నాడు మీ ఆయన. లారీలు ఆగి ఉన్నయ్, టైం లేదన్నారు. మేం టిక్కీలు లాగి బయటికి తీసేసరికి పైకి దెబ్బేమీ కనపడలా, ఊపిరుంది. కళ్ళు తెరిచి చూశాడు. బండి పిలవమని నేను అరిచా. లక్ష్మీకాంత్ ఓనరు గారికి ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలా. మళ్ళీ చేశాడు. అడక్కుండా ఆసుపత్రికి తీసుకుపోతే కేసయిద్ది, సీజన్లో చాంబర్లు మూస్తారు, ఆయన చెప్పిందాకా ఆగమన్నాడు. ఆగాం. నేనూ ఆగాను."

అతను మోపు మీద కూర్చున్నాడు.

"నా ఒళ్ళోనే పోయాడు. ఆ తర్వాతే నిన్ను పిలిచింది."

రెబ్కా ఏడవలేదు. చేను గట్టు మీద నిలబడి చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. ఊరు దాటి ఊరు వచ్చేదాకా తను వేడి చేసింది ఎవరిని? పక్కన కూర్చుని ఈ మనిషి అదంతా చూశాడు. చూసి, రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు.

"ఈ మాట వచ్చి చెప్తావా?"

"నాకూ ఆ కోల్డ్ స్టోరేజీ తప్ప ఇంకేముంది? ఇద్దరు పిల్లలు." యలమందయ్య తల వంచుకున్నాడు. "రానని అన్లేను. వస్తానని కూడా అనలేకపోతున్నా. నన్ను ఒత్తిడి చెయ్యమాక."

ఆమె ఒత్తిడి చెయ్యలేదు. ఇంటికి వెళ్ళి, విన్నది విన్నట్టు అత్తకి చెప్పింది. ఊపిరుందని చెప్పింది. కళ్ళు తెరిచాడని చెప్పింది. ఫోన్ ఎత్తేదాకా ఆగారని చెప్పింది. సువార్తమ్మ అంతా విని చాప మీద అటు తిరిగి పడుకుంది.

*

రెండు రోజుల తర్వాత అంకమ్మరావు కబురు పెట్టకుండానే ఆటో తీసుకుని వచ్చాడు. ఇవాళ పని అయిపోవాలన్నాడు. ఆశ్చర్యంగా సువార్తమ్మ కూడా చీర మార్చుకుని వచ్చి ఆటోలో కూర్చుంది. "నేనూ వస్తా" అంది, అంతే.

సచివాలయంలో జ్యోతిర్మయి పాత వివరాలు మళ్ళీ తెరిచింది. వేలిముద్ర మిషను రెబ్కా ముందుకి జరిపింది. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"నేను ఎయ్యను" అంది రెబ్కా.

గదిలో పెన్షన్ల కోసం వచ్చినవాళ్ళు మాటలు ఆపి ఇటు తిరిగారు.

"ఆయన ఇంట్లో పోలేదు. ఎక్కడ పోయాడో అక్కడే రాయించుకుంటా. ఎన్నాళ్ళు పట్టినా సరే."

అంకమ్మరావు మొహం ఎర్రబడింది. కాని అతను ఈ సంగతి ముందే ఆలోచించుకుని వచ్చినట్టున్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఆ అమ్మాయి దుఃఖంలో ఉంది. తల్లి ఎయ్యొచ్చు గదమ్మా?" అని జ్యోతిర్మయిని అడిగాడు. "రూలు ప్రకారం ఇంట్లోవాళ్ళు ఎవరైనా చెప్పొచ్చు గదా?"

జ్యోతిర్మయి తటపటాయించింది. "చెప్పొచ్చు" అంది.

"రా పెద్దమ్మా. నీ కొడుకుని ఎవరూ కదిలించకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. ఇట్టా కూర్చో."

సువార్తమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. రెబ్కా అత్త వైపు చూడలేకపోయింది. తల్లికి తల్లి బాధ ఉంటుంది. సువార్తమ్మ చెయ్యి టేబుల్ మీదికి వచ్చింది. ఏళ్ళ తరబడి పత్తి తీసి, మిరపకాయలు కోసి అరిగిపోయిన వేళ్ళు. పెన్షను రోజున ఎప్పుడూ ఆ వేళ్ళు మిషనుకి ఒక పట్టాన చిక్కవు.

"అమ్మాయ్, ఇది నొక్కితే మావాడు ఇంట్లో పోయినట్టేనా?" అని అడిగింది.

"అవును మామ్మా. రికార్డు అదే ఉంటుంది."

"ఇక ఎప్పటికీ అంతేనా?"

"అంతే."

సువార్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని పైట కొంగులో దాచుకుంది.

"వాడు ఇంట్లో పోలేదయ్యా అంకమ్మరావూ" అంది. గొంతు పెద్దగా లేదు. "ఇంట్లో పోయుంటే నా చేతుల్లో పోయేవోడు. నేను ఆ వేళ ఇంట్లోనే ఉన్నా. వాడి నోట్లో గుక్కెడు నీళ్ళు పోసేదాన్ని. అమ్మా అనుంటే విని ఉండేదాన్ని. వాడు ఎవరి మొహం చూసి పోయాడో నాకు తెలవదు. నువ్వు రమ్మన్నావని, నా ఇంట్లో పోయాడని నేనెట్టా చెప్పేది?"

"పెద్దమ్మా, తర్వాత నన్నేమీ అనమాక."

"అనను. నువ్వూ కూలోడివే. నిన్నేమంటాం."

అంకమ్మరావు ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. అతను ఎవరితోనో "లేదండి, లేదండి" అనడం లోపలికి వినిపిస్తోంది. కాసేపటికి ఆటో వెళ్ళిపోయిన చప్పుడు కూడా వినిపించింది.

జ్యోతిర్మయి ఒక చీటీ మీద కోల్డ్ స్టోరేజీ దగ్గరి పోలీస్ స్టేషన్ పేరు రాసి రెబ్కాకి ఇచ్చింది. "ముందు అక్కడ రిపోర్టు ఇవ్వండి. వాళ్ళు తీసుకోనంటే ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళండి. ఏం జరుగుతుందో నేను చెప్పలేనమ్మా. తేలిగ్గా మాత్రం జరగదు" అంది. కంప్యూటర్‌లో తెరిచిన పేజీని ఆమె మూసెయ్యలేదు, పంపనూ లేదు. తరవాతి మనిషిని పిలవాలని కూడా ఆమెకి తోచలేదు.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ మాడుతోంది. గుంటూరు బస్సుకి ఇంకా టైముంది. రెబ్కా చెప్పుల్లేని అత్త కాళ్ళు చూసి, అరుగు నీడలోకి రమ్మంది. సువార్తమ్మ కదల్లేదు.

"తవ్వుతారా?" అని అడిగింది.

"తవ్వుతారేమో అత్తా."

"నా ముందే తవ్వమని చెప్పు. నేను లేకుండా వాణ్ణి తియ్యొద్దని ఆ రిపోర్టులో రాయించు. ఈసారి నేను పక్కనుంటా."

దూరంగా దుమ్ములోంచి బస్సు కనపడింది. అది తమదో కాదో ఇంకా తెలియడం లేదు. సువార్తమ్మ అప్పటికే రోడ్డు మధ్యకి నడిచి చెయ్యి ఎత్తింది.